యూకేలో చదివేవాళ్లకు కౌన్సిల్ ట్యాక్స్: ఎప్పుడు ఉండదు, ఎప్పుడు పడుతుంది, బాకీ నోటీసు వస్తే ఏం చేయాలి

మన ఊళ్లో ఇంటి పన్ను అంటే ఓనరు వ్యవహారం. అద్దెకున్నవాళ్లు కరెంటు బిల్లు కట్టుకుంటారు, పన్ను సంగతి యజమానికీ మునిసిపాలిటీకీ మధ్య. ఆ అలవాటుతోనే ఇంగ్లండ్‌లో దిగుతాం. అక్కడి కౌన్సిల్, అంటే మునిసిపాలిటీ, ఇళ్ల మీద వేసే కౌన్సిల్ ట్యాక్స్ చాలావరకు ఇంట్లో ఉంటున్నవాళ్ల మీదే పడుతుంది. "స్టూడెంట్లకి ఉండదులే" అని సీనియర్లు ఒక్క మాటలో తేల్చేస్తారు. ఆ మాటలో నిజం ఉంది. కానీ ఏ రోజు నుంచి ఏ రోజు దాకా ఉండదు, ఇంట్లో ఇంకెవరున్నా ఉండదా, అగ్రిమెంటు ఎవరి పేరు మీద ఉంటే ఉండదు అన్నది ఎవరూ చెప్పరు. బాకీలన్నీ అక్కడే పుడతాయి.

నేను ఎమ్మెస్సీ చేసిన ఏడాది నలుగురం ఒక ఇంట్లో ఉండేవాళ్లం. నా కోర్సు సెప్టెంబరులో అయిపోయింది. మిగతా ముగ్గురివీ ఇంకా నడుస్తున్నాయి. నా వీసా జనవరి దాకా ఉంది కాబట్టి ఇంకా స్టూడెంట్‌నే అనుకున్నాను. తలుపు సందులోంచి పడే కౌన్సిల్ కవర్లు పాత అద్దెదారులవి అనుకుని షూ ర్యాక్ మీద పెట్టేవాళ్లం. ఒక రోజు రూమ్మేట్ ఆ కట్ట తిరగేస్తే మూడు కవర్లు నా పేరు మీదే ఉన్నాయి: బిల్లు, రిమైండరు, కోర్టు సమన్లు. సమన్లలో అసలు బాకీ కింద కోర్టు ఖర్చులు అని ఇంకో అంకె. ఆ రాత్రి పడ్డ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. మొదటి కవరు వచ్చిన రోజే చించి చూసి ఉంటే ఆ ఖర్చులు పడేవే కావు. అప్పటి నుంచి ఎంతోమంది తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ఫోన్లో ఇదే చెబుతూ వచ్చాను. ఇప్పుడు వరసగా రాస్తున్నాను. ఇక్కడ చెప్పేవి ఇంగ్లండ్, వేల్స్ నిబంధనలు. స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్ సంగతి చివర్లో కొద్దిగా చెబుతాను.

ముందు తెలుసుకోవాల్సింది: ఇది రోజు లెక్క

కౌన్సిల్ ట్యాక్స్ 1993 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందున్న, మనిషికి ఇంత అని వేసే పోల్ ట్యాక్స్ మీద జనం తిరగబడ్డాక, దాని స్థానంలో 1992 చట్టంతో దీన్ని తెచ్చారు. బిల్లు ఏడాదికి ఒకటే వచ్చినా చట్టం లెక్క కట్టేది రోజువారీగా. ఒక రోజు ముగిసే సరికి ఆ ఇంట్లో ఎవరున్నారు, వాళ్ల స్థితి ఏమిటి అన్నదే ఆ రోజంతటికీ వర్తిస్తుంది. అందుకే "నేను ఈ ఏడాది స్టూడెంట్‌ని" అంటే కౌన్సిల్‌కి చాలదు. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది కావాలి.

ఆ తేదీలు కోర్సువి, వీసావి కావు. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కోర్సు మొదలైన రోజు నుంచి, దాన్ని పూర్తి చేసిన రోజో, మానేసిన రోజో, యూనివర్సిటీ తీసేసిన రోజో వచ్చేదాకా మీరు కౌన్సిల్ ట్యాక్స్ దృష్టిలో స్టూడెంట్. 12 నెలలు లేదా అంతకన్నా ఎక్కువ ఉండే కోర్సుకి వీసా మామూలుగా కోర్సు ముగిశాక ఇంకో 4 నెలలు ఉంటుంది. ఆ 4 నెలలూ మీరు దేశంలో ఉండొచ్చు, కానీ కౌన్సిల్ ట్యాక్స్ మినహాయింపు ఉండదు. గ్రాడ్యుయేట్ వీసాకి (చదువయ్యాక పని చేసుకోవడానికి ఇచ్చే వీసా) మారాక అసలే ఉండదు.

మొదట్లోనూ ఇంతే. సెప్టెంబరు 1న ఇల్లు తీసుకుని, కోర్సు 22న మొదలైతే, ఆ మధ్య మూడు వారాలు మీరింకా స్టూడెంట్ కారు. ఆ రోజులకి చిన్న బిల్లు వస్తే కౌన్సిల్ పొరపాటు చేసిందనుకోకండి. రెండు సంవత్సరాల కోర్సు మధ్యలో వచ్చే వేసవి సెలవుల్లో మాత్రం భయం లేదు, కోర్సు నడుస్తున్నట్టే లెక్క. బీఎస్సీ అయ్యాక ఎమ్మెస్సీ మొదలయ్యే దాకా ఉన్న ఖాళీ అలా కాదు. అవి రెండు వేరు కోర్సులు, మధ్య రోజులకి పన్ను వస్తుంది.

మొదటి అడుగు: మీ కోర్సు లెక్కలోకి వస్తుందో లేదో చూసుకోండి

యూనివర్సిటీ స్థాయి కోర్సు ఫుల్‌టైమ్ అనిపించుకోవాలంటే మూడు షరతులు. కోర్సు కనీసం ఒక విద్యా సంవత్సరం ఉండాలి. ఏడాదిలో కనీసం 24 వారాలు హాజరు కావాల్సి ఉండాలి. ఆ కాలంలో చదువు, ట్యూషన్, కోర్సులో భాగమైన వర్క్ ఎక్స్‌పీరియెన్స్ అన్నీ కలిపి వారానికి సగటున కనీసం 21 గంటలు పడాలి. 21 గంటలూ క్లాసులే కానక్కర్లేదు, సొంతంగా చదువుకునేది కూడా కలుస్తుంది. వారానికి ఆరు గంటలే క్లాసులున్న ఎమ్మెస్సీ విద్యార్థులు కంగారు పడుతుంటారు, అక్కర్లేదు. స్టూడెంట్ వీసా మీద వచ్చి ఫుల్‌టైమ్ డిగ్రీ చేసేవాళ్లు మామూలుగా ఇందులో ఇమిడిపోతారు. పార్ట్‌టైమ్ కోర్సులకి మినహాయింపు లేదు. 20 ఏళ్ల లోపు పిల్లలు "ఏ-లెవెల్స్" (మన ఇంటర్ లాంటి చదువు) వంటివి చదువుతుంటే వేరే నియమం: కోర్సు 3 నెలలకి మించి, వారానికి 12 గంటలకి మించి ఉంటే, ఇంట్లో పన్నుకి లెక్కించే పెద్దవాళ్లలోంచి వాళ్లనీ తీసేస్తారు.

పీహెచ్‌డీ చివర్లో థీసిస్ రాసుకునే దశలో ఉన్నవాళ్లు, ఫెయిలైన పేపరు క్లాసులు లేకుండా మళ్లీ రాసేవాళ్లు ముందే యూనివర్సిటీ రిజిస్ట్రీని అడగండి: "ఈ కాలానికి నన్ను ఫుల్‌టైమ్ అని సర్టిఫై చేస్తారా?" అని. వాళ్లు చేయమంటే కౌన్సిల్ ముందు మీ పని కష్టం.

రెండో అడుగు: అగ్రిమెంటు బయటికి తీసి చూడండి

దీని మీద కాస్త ఎక్కువ సేపు నిలబడతాను. ఎక్కువమంది అగ్రిమెంటు చదవకుండానే సంతకం పెడతారు కాబట్టి.

కౌన్సిల్ ఒక ఇంటికి పన్ను ఎవరు కట్టాలో తేల్చడానికి మెట్ల వరుస ఒకటి ఉంది. ఇంట్లో ఉంటున్న యజమాని అన్నిటికన్నా పై మెట్టు, తరవాత ఇంట్లో ఉంటున్న అద్దెదారు, ఆ కింద లైసెన్సు (అద్దె హక్కు కాకుండా ఉండటానికి అనుమతి మాత్రమే) మీద ఉండేవాడు, ఇంకా కింద ఊరికే ఉంటున్నవాడు, ఎవరూ లేకపోతే బయట ఉండే యజమాని. పై మెట్టు మీద ఎవరు కనపడితే వాళ్ల మీదే బాధ్యత. ఒకే మెట్టు మీద ఇద్దరు ముగ్గురు ఉంటే అందరూ కలిసి బాధ్యులు. అంటే మొత్తం బాకీ వాళ్లలో ఏ ఒక్కరి దగ్గరైనా కౌన్సిల్ వసూలు చేసుకోవచ్చు.

ఇప్పుడు మన ఇళ్లు చూద్దాం. యూనివర్సిటీ హాస్టల్లో ఉంటే మీకు సంబంధమే లేదు, అది మొత్తంగా మినహాయింపే. లాండ్‌లార్డ్ తన ఇంట్లోనే ఉంటూ మీకో గది ఇచ్చాడా, ఆయనే బాధ్యుడు. ఒక ఇంట్లో ఐదు గదులకి ఐదు విడి అగ్రిమెంట్లు ఉండి, ప్రతివాళ్లూ తమ గదికే అద్దె కడుతుంటే, అలాంటి ఇంటికి పన్ను బాధ్యత ఓనరుదే. "బిల్స్ ఇంక్లూడెడ్" అని అద్దెలో కలిపి తీసుకున్నా, కౌన్సిల్ అడగాల్సింది ఆయన్నే. మీ పేరు మీద బిల్లు వస్తే మీ గది అగ్రిమెంటు కాపీ పంపండి.

నలుగురూ కలిసి ఒకే అగ్రిమెంటు మీద సంతకాలు పెట్టిన ఇల్లు ఇంకో రకం. నలుగురూ ఫుల్‌టైమ్ స్టూడెంట్లే అయితే ఇంటికే మినహాయింపు, దాన్ని క్లాస్ ఎన్ అంటారు. బిల్లు సున్నా. వాళ్లలో ఒకరి కోర్సు అయిపోయిందనుకోండి, నాకు జరిగినట్టు. ఆ మర్నాటి నుంచి మినహాయింపు పోతుంది. బాధ్యత మాత్రం ఆ ఒక్కరి మీదే, చదువుతున్న ముగ్గురి మీద కాదు. 2004 ఏప్రిల్‌కి ముందు స్టూడెంట్లు కూడా కలిసి బాధ్యులయ్యేవాళ్లు, 2003లో చట్టం మార్చాక ఆ బాధ తప్పింది. లెక్కించదగ్గ పెద్దవాళ్లు ఇంట్లో ఒక్కరే కాబట్టి అతనికి 25 శాతం తగ్గింపు వస్తుంది. ఆ ఇంటి పన్ను ఏడాదికి 1,800 పౌండ్లు అనుకుంటే, ఏడాది మొత్తానికి 1,350 అతని ఒక్కడిదే, నెలల లెక్కన ఎంత పడితే అంత. ఇద్దరు చదువు పూర్తి చేసుకుంటే తగ్గింపు ఉండదు, 1,800 ఆ ఇద్దరి ఉమ్మడి బాకీ. స్నేహితులు తమలో తాము పంచుకుంటామంటే అది వాళ్ల మంచితనం. కౌన్సిల్ మాత్రం స్టూడెంట్ల జోలికి రాకూడదు.

నాకు అన్నిటికన్నా భయం వేసేది ఇంకో రకం ఇల్లు. ఒక్కడి పేరు మీద ఇల్లు మొత్తం తీసుకుని, మిగతావాళ్లు అగ్రిమెంటులో లేకుండా అతనికి డబ్బులు పంపుతూ ఉంటారు. పేరున్నవాడు స్టూడెంట్, పేరు లేని స్నేహితుడు ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఇక్కడ స్టూడెంట్ రక్షణ పనిచేయదు. ఆ రక్షణ ఒకే మెట్టు మీద ఉన్నవాళ్ల మధ్యే. అద్దెదారుగా పై మెట్టు మీద ఉన్నది స్టూడెంట్ ఒక్కడే కాబట్టి బిల్లు అతని పేరు మీదే వస్తుంది. ఉద్యోగస్తుడు ఒక్కడైతే 25 శాతం తగ్గుతుంది, ఇద్దరైతే మొత్తం బిల్లు స్టూడెంట్ మీదే. స్నేహం కొద్దీ "నా పేరు మీద పెడతాలే" అనేముందు ఇది గుర్తు పెట్టుకోండి. ఉద్యోగం ఉన్న స్నేహితుడితో కలిసి ఉండాలంటే ఇద్దరి పేర్లూ అగ్రిమెంటులో ఉండేలా లాండ్‌లార్డ్‌ని అడగండి. అప్పుడు పన్ను అతనిదే అవుతుంది.

మూడో అడుగు: ఇంట్లో ఎవరెవరు లెక్కలోకి వస్తారు

భర్త, భార్య విషయంలో తప్పుడు సమాచారం బాగా తిరుగుతోంది. స్టూడెంట్ భార్య లేదా భర్త బ్రిటిష్ పౌరులు కాకుండా, వాళ్ల వీసా ఉద్యోగాన్నో ప్రభుత్వ భృతులనో అనుమతించకపోతే, వాళ్లనీ లెక్కలోంచి తీసేస్తారు. ఈ వాక్యంలో "నో" అన్న అక్షరాన్ని పట్టుకోండి. రెండూ నిషేధం కానక్కర్లేదు, ఒక్కటి చాలు. డిపెండెంట్ వీసా మీద "నో పబ్లిక్ ఫండ్స్", అంటే ప్రభుత్వ భృతులు తీసుకోకూడదు, అన్న షరతు ఉంటుంది. కాబట్టి స్టూడెంట్, డిపెండెంట్ ఇద్దరే ఉన్న ఇంటికి, డిపెండెంట్ ఫుల్‌టైమ్ ఉద్యోగం చేస్తున్నా, క్లాస్ ఎన్ మినహాయింపు వస్తుంది. ఫోన్లో "భార్య ఉద్యోగం చేస్తోంది కదా, కట్టాల్సిందే" అని జవాబు వస్తే అక్కడితో వదిలేయకండి. ఈ నియమం రాతలో చెప్పి, ఈ-వీసా షేర్ కోడ్ (వీసా షరతులు ఆన్‌లైన్లో చూపించే కోడ్), పెళ్లి సర్టిఫికెట్ జత చేయండి. 2024 జనవరి నుంచి మొదలైన కోర్సుల్లో రీసెర్చ్ డిగ్రీలు, ప్రభుత్వ స్కాలర్‌షిప్‌ల వంటి కొద్ది సందర్భాల్లోనే డిపెండెంట్లను తెచ్చుకునే వీలుంది కాబట్టి, ఇప్పుడిది ఎక్కువగా పీహెచ్‌డీ దంపతుల విషయం. స్టూడెంట్ కోర్సు ముగిసిన రోజే భార్య లేదా భర్తకున్న ఈ రక్షణ కూడా ముగుస్తుంది.

స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్న భర్తతో ఉంటూ భార్య ఫుల్‌టైమ్ చదువుతుంటే, భర్త ఒక్కరే లెక్కలోకి వచ్చి 25 శాతం తగ్గింపు వస్తుంది. చాలా జంటలు ఇది అడగనే అడగవు. ఇండియా నుంచి అమ్మానాన్నలు మూడు నెలలు చూడ్డానికి వస్తే వాళ్లు లెక్కలోకి రారు, వాళ్ల అసలు ఇల్లు ఇక్కడే మన ఊళ్లో ఉంది కదా.

నాలుగో అడుగు: సర్టిఫికెట్ తీసుకుని, అడగండి

మినహాయింపు దానంతటదే రాదు. కొన్ని యూనివర్సిటీలు విద్యార్థుల జాబితా స్థానిక కౌన్సిల్‌కి పంపుతాయి, అయినా దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. స్టూడెంట్ పోర్టల్లో "కౌన్సిల్ ట్యాక్స్ సర్టిఫికెట్" అన్న పీడీఎఫ్ దొరుకుతుంది, లేదా రిజిస్ట్రీ ఇస్తుంది. అందులో మీ పేరు, కోర్సు, ఫుల్‌టైమ్ అన్న మాట, మొదలు, ముగింపు తేదీలు ఉండాలి. ఆఫర్ లెటరు, క్యాస్ (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం), ఐడీ కార్డు దీనికి బదులు కావు. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉందో లేదో చూసుకోండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడాతో అగ్రిమెంటులో ఒకలా, సర్టిఫికెట్లో ఒకలా ఉంటే కౌన్సిల్ వాళ్లు ఇద్దరు మనుషులనుకునే అవకాశం ఉంది.

చదువు అయిపోయిన ఏడాది లోపు అడిగితే యూనివర్సిటీ సర్టిఫికెట్ ఇచ్చి తీరాలి. ఏడాది దాటితే కాదనే హక్కు దానికుంది. కాబట్టి కోర్సు ముగిసే వారంలోనే, పోర్టల్ లాగిన్ పనిచేస్తుండగానే, అన్ని సంవత్సరాల సర్టిఫికెట్లూ దించి మెయిల్లో దాచుకోండి. రెండేళ్ల తరవాత పాత బాకీ అంటూ ఉత్తరం వస్తే మిమ్మల్ని కాపాడేది ఆ ఫైలే.

తరవాత మీ కౌన్సిల్ వెబ్‌సైటులో స్టూడెంట్ మినహాయింపు ఫారం నింపండి. ఇంట్లో అందరి సర్టిఫికెట్లూ ఒకేసారి పంపితే పని తొందరగా అవుతుంది. ఒక్కరిది లేకపోయినా ఆ ఒక్కరిని ఉద్యోగస్తుడిగా లెక్కేస్తారు. రిఫరెన్సు నంబరు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. పరిస్థితి మారితే, అంటే ఎవరి కోర్సైనా ముగిస్తే, కొత్తవాళ్లు చేరితే, 21 రోజుల్లో తెలియజేయాలి. చెప్పకపోతే ఇంగ్లండ్‌లో 70 పౌండ్ల జరిమానా వేయొచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక. దీన్ని మాత్రం దయచేసి రెండుసార్లు చదవండి. స్టూడెంట్ మినహాయింపు, ఒంటరిగా ఉన్నందుకు వచ్చే 25 శాతం తగ్గింపు పబ్లిక్ ఫండ్స్ కిందికి రావు, వీటిని తీసుకుంటే వీసాకి ఇబ్బంది లేదు. కానీ అదే వెబ్‌సైటులో "కౌన్సిల్ ట్యాక్స్ రిడక్షన్" అని ఇంకో ఫారం ఉంటుంది. అది తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ఇచ్చే సాయం, పబ్లిక్ ఫండ్స్ జాబితాలో ఉంది. స్టూడెంట్ వీసా, గ్రాడ్యుయేట్ వీసా మీద ఉన్నవాళ్లు దాన్ని పెట్టుకోకూడదు. పేర్లు దగ్గరగా ఉండటంతో పొరపాటు సులువు.

ఐదో అడుగు: కవరు వస్తే

బిల్లు తప్పయితే ఆ వారంలోనే రాయండి. నిజంగా మీదే అయితే వాయిదాల తేదీలు ఫోన్లో పెట్టుకోండి. ఏడాది బిల్లుని మామూలుగా 10 వాయిదాలుగా వేస్తారు, 12 కావాలంటే అడిగే హక్కు ఉంది.

ఒక వాయిదా తప్పితే రిమైండరు వస్తుంది, 7 రోజుల్లో కట్టమంటుంది. కట్టకపోతే ఇంకో 7 రోజులకి వాయిదాల హక్కు పోయి, ఏడాదికి మిగిలిన మొత్తం ఒకేసారి కట్టాల్సి వస్తుంది. నెలకి 130 పౌండ్లు అనుకున్నది హఠాత్తుగా వెయ్యి దాటేది అందుకే. ఆ తరవాత మేజిస్ట్రేట్ కోర్టు సమన్లు. సమన్లకీ విచారణకీ మధ్య కనీసం 14 రోజులు ఉండాలి. కోర్టు ఇచ్చేదాన్ని లయబిలిటీ ఆర్డర్ అంటారు. దానితో కౌన్సిల్‌కి వసూలు అధికారాలు వస్తాయి, ఖర్చులు మీ ఖాతాలో పడతాయి.

సమన్లు చూసి మనవాళ్లు చేసే పని ఒకటుంది: సర్టిఫికెట్ పట్టుకుని కోర్టుకి పోయి జడ్జికి చూపిద్దామనుకుంటారు. ఆ కోర్టు ఆ మాట వినదు. మీరు బాధ్యులా కాదా, మినహాయింపు ఉందా లేదా అన్నది తేల్చే అధికారం దానికి లేదు. పన్ను సక్రమంగా వేశారా, నోటీసులు పంపారా, డబ్బు కట్టారా అన్నంత వరకే చూస్తుంది. మీ సర్టిఫికెట్ చూడాల్సింది కౌన్సిల్. కాబట్టి విచారణ తేదీకి ముందే వాళ్లకి పంపి, "సమన్లు వెనక్కి తీసుకోండి, ఖర్చులు రద్దు చేయండి" అని రాతలో అడగండి. ఆధారాలు స్పష్టంగా ఉంటే సమన్లు వెనక్కి తీసుకోవచ్చు. ఫోన్లో మాట్లాడినా, ఆ సంభాషణని అదే రోజు మెయిల్లో రాసి పంపండి.

ఆరో అడుగు: కౌన్సిల్ ఒప్పుకోకపోతే

1992 చట్టం 16వ సెక్షన్ కింద మీకు అప్పీలు హక్కు ఉంది. మొదట కౌన్సిల్‌కే రాయాలి. ఆ ఉత్తరంలో ఖాతా నంబరు, చిరునామా, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా వివాదమో, కారణం ఏమిటో ఉండాలి: ఆ రోజుల్లో నేను ఫుల్‌టైమ్ స్టూడెంట్‌నని, లేదా అగ్రిమెంటు నా గదికే కాబట్టి బాధ్యత ఓనరుదని. ఇది 16వ సెక్షన్ కింద ఇస్తున్న నోటీసు అని ఒక వాక్యం పెట్టండి. ఆ వాక్యం లేకపోతే మామూలు ఫిర్యాదుగా పక్కన పడేసే ప్రమాదం ఉంది.

జవాబివ్వడానికి కౌన్సిల్‌కి 2 నెలలు. కాదన్నా, అసలు పలకకపోయినా, కౌన్సిల్ ట్యాక్స్ తగాదాలు తేల్చే వాల్యుయేషన్ ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. కాదంటే ఆ జవాబు వచ్చిన 2 నెలల్లో, పలకకపోతే మీరు రాసిన రోజు నుంచి 4 నెలల్లో. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. నేను సాయం చేసిన ఒక చెల్లెలు అగ్రిమెంటు, సర్టిఫికెట్, బ్యాంకు స్టేట్‌మెంట్ మాత్రమే పెట్టి తన వాదన తనే చెప్పుకుంది. తేదీలన్నీ ఒక కాగితం మీద వరసగా రాసుకుని ఆ కాగితం చూసి మాట్లాడింది, అంతే. కొంచెం వణికినా ఆ పిల్ల గొంతులో ఉన్న స్పష్టత నాకు బాగా నచ్చింది.

అప్పీలు పెట్టినంత మాత్రాన వసూలు ఆగదు, అది కూడా తెలుసుకోండి. వివాదం తేలేదాకా ఖాతాని ఆపి ఉంచమని విడిగా అడగాలి.

ఏడో అడుగు: లయబిలిటీ ఆర్డర్ ఇప్పటికే వచ్చేసి ఉంటే

ముందు ఊపిరి తీసుకోండి. ఇది నేరం కాదు, క్రిమినల్ రికార్డు కాదు. సీసీజే (అప్పు కట్టమని కౌంటీ కోర్టు ఇచ్చే తీర్పు) కూడా కాదు, ఆ తీర్పుల రిజిస్టరులో ఎక్కదు. అయినా వదిలేస్తే బాధలు పెరుగుతాయి. కౌన్సిల్ మీ కంపెనీకి రాసి జీతంలోంచి నేరుగా కోయించవచ్చు, దానికి మళ్లీ కోర్టుకి పోనక్కర్లేదు. కొత్త ఉద్యోగంలో చేరిన రెండో నెలలో హెచ్ఆర్ నుంచి ఈ కబురు వినడం ఎవరికీ బాగుండదు. లేదా ఖాతాని ఎన్‌ఫోర్స్‌మెంట్ ఏజెంట్లకి, అంటే బెయిలిఫ్‌లకి, అప్పగిస్తారు. 2014 నిబంధనల్లో కేసు చేతికి తీసుకున్నందుకు 75 పౌండ్లు, ఇంటికి వచ్చినందుకు 235 పౌండ్లు అని ఫీజులు పెట్టారు. అవన్నీ మీ బాకీకే కలుస్తాయి.

బెయిలిఫ్ రావడానికి ముందు 7 పూర్తి రోజుల నోటీసు ఇవ్వాలి. ఉదయం 6కి ముందు, రాత్రి 9 తరవాత రాకూడదు. కౌన్సిల్ ట్యాక్స్ కోసం మొదటిసారి వచ్చినప్పుడు బలవంతంగా లోపలికి రాలేడు. తలుపు తీయాల్సిన అవసరం లేదు, కిటికీలోంచి మాట్లాడొచ్చు. తలుపు తాళం వేసి ఉంచమని ఇంట్లో అందరికీ చెప్పండి, తెరిచి ఉన్న తలుపులోంచి మామూలుగా నడిచి వస్తే అది చెల్లుతుంది. మీ రూమ్మేట్ల సామాను మీ బాకీకి తీసుకోకూడదు. చదువుకీ పనికీ కావాల్సిన వస్తువులు మొత్తం 1,350 పౌండ్ల విలువ దాకా ముట్టకూడదు, మీ ల్యాప్‌టాప్ ఇందులోకే వస్తుంది.

ఆ రోజుల్లో నిజంగా స్టూడెంట్ అయి ఉంటే ఆర్డర్ వచ్చిందని ఆగిపోవద్దు. సర్టిఫికెట్ పంపి ఆ కాలానికి మినహాయింపు వేయమనండి, ఖాతాని ఏజెంట్ల దగ్గర్నుంచి వెనక్కి తెప్పించమనండి, ఆర్డర్‌ని రద్దు చేయించమనండి. ఇవ్వకూడని ఆర్డర్ అని తెలిస్తే, దాన్ని కొట్టేయమని కౌన్సిలే కోర్టుని అడిగే దారి నిబంధనల్లో ఉంది. ఇక్కడా పని చేయకపోతే ట్రిబ్యునల్ ఉంది.

జైలు భయం కూడా చాలామంది అడుగుతారు. ఇంగ్లండ్‌లో గరిష్ఠంగా 3 నెలలు వేయొచ్చు, కానీ డబ్బుండీ కావాలని కట్టలేదని, లేదా బాధ్యత లేకుండా వదిలేశారని ఇంకో విచారణలో తేలితేనే. వేల్స్‌లో 2019 ఏప్రిల్ నుంచి అది లేనే లేదు.

బాకీ నిజంగా మీదే అయితే

నాది అలాంటిదే. దాచుకోకుండా కౌన్సిల్‌కి ఫోన్ చేసి, చేతిలో ఎంత ఉందో చెప్పి, నెలకి ఇంత అని ఒప్పందం అడగండి. 25 శాతం తగ్గింపు వేశారో లేదో ముందు చూసుకోండి. నా బిల్లులో అది లేదు, అడిగితే వేశారు. బాకీ పెద్దదైతే సిటిజన్స్ అడ్వైస్, స్టెప్‌చేంజ్, నేషనల్ డెట్‌లైన్ ఉచితంగా సలహా ఇస్తాయి. మీ స్టూడెంట్స్ యూనియన్ అడ్వైస్ సెంటర్ కూడా మంచి చోటు, అక్కడివాళ్లకి ఈ కేసులు బాగా తెలుసు. డెట్ అడ్వైజర్ ద్వారా "బ్రీతింగ్ స్పేస్" పెట్టుకుంటే 60 రోజుల పాటు వసూళ్లు ఆగుతాయి, 2021 మే నుంచి ఇది ఉంది. క్రెడిట్ కార్డు గీకి గానీ, ఇంటికి ఫోన్ చేసి నాన్నని వడ్డీకి తెమ్మని గానీ ఒకేసారి కట్టేయకండి. వాయిదా అడిగితే పోయేదేమీ లేదు.

మిగతా చోట్ల, వెళ్లిపోయేటప్పుడు

స్కాట్లాండ్‌లోనూ ఫుల్‌టైమ్ స్టూడెంట్లకి మినహాయింపు ఉంది, కానీ బాకీ పడితే దారి వేరు: సమ్మరీ వారంట్ (కోర్టు ఇచ్చే వసూలు ఉత్తర్వు), 10 శాతం అదనం, షెరీఫ్ ఆఫీసర్లు (అక్కడి బెయిలిఫ్‌లు). ఉత్తర ఐర్లాండ్‌లో కౌన్సిల్ ట్యాక్స్ లేదు, రేట్స్ అని వేరే పన్ను ఉంది.

ఇల్లు మారినా, దేశం విడిచి వెళ్తున్నా, ఖాళీ చేసిన తేదీని కౌన్సిల్‌కి రాతలో చెప్పండి. తాళాలు ఇచ్చినట్టు లాండ్‌లార్డ్ పంపిన మెయిల్ జత చేయండి. ఉత్తరాలు పంపడానికి ఒక చిరునామా, ఈమెయిల్ ఇవ్వండి. బిల్లు బాకీ అయిన రోజు నుంచి 6 ఏళ్ల దాకా లయబిలిటీ ఆర్డర్ కోసం కౌన్సిల్ కోర్టుకి వెళ్లొచ్చు, ఆ లోపు మీరు గ్రాడ్యుయేట్ వీసా మీద ఇంకో ఊళ్లో ఉండొచ్చు, సమన్లు పాత తలుపు దగ్గర పడుతుండొచ్చు. ఎక్కువ కట్టి ఉంటే తిరిగి ఇస్తారు, దానికి యూకే బ్యాంకు ఖాతా మూసేయకముందే అడగండి. వెళ్లే రోజు షూ ర్యాక్ మీద ఉన్న కవర్లన్నీ ఒకసారి చించి చూసి వెళ్లండి.